ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక లైటు: లోపాన్ని కనిపెట్టే తీరు

కారు ఇగ్నిషన్ ఆన్ చేయగానే మీటరులో వెలిగి, చాలా బండ్లలో ఆరేడు సెకన్లలోనే ఆరిపోవలసిన చిన్న గుర్తు ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక లైటు. సీట్లో కూర్చున్న మనిషి, అతని ఎదుట ఉబ్బిన సంచి దాని బొమ్మ. కొన్ని కార్లలో బొమ్మకు బదులు ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థకు పొట్టి పేరైన ఎస్‌ఆర్‌ఎస్ అన్న అక్షరాలు ఉంటాయి. అది ఆరకుండా నిలిచిపోయినా, దారిలో మళ్లీ వెలిగినా, అసలే వెలగకపోయినా ప్రమాదంలో ప్రాణం కాపాడవలసిన వ్యవస్థలో ఎక్కడో లోపం ఉందని అర్థం. బండి మాత్రం ఎప్పటిలాగే నడుస్తుంది. ఇంజిన్ లాగుతుంది, బ్రేకు పడుతుంది, ఏసీ చల్లగా వస్తుంది. అందుకే ఈ లైటును నెలల తరబడి పట్టించుకోనివాళ్లు చాలామంది. ఆయిల్ లైటు, బ్యాటరీ లైటు వెలిగితే బండి ఆగిపోతుందేమోనన్న భయంతోనైనా షెడ్డుకు తీసుకుపోతారు. ఎయిర్‌బ్యాగ్ లైటుకు ఆ భయం లేదు. అది చెప్పే కష్టం బండి దేన్నయినా గుద్దిన రోజున గానీ బయటపడదు.

సోమశిల దారుల్లో

ఈ లైటు సంగతి తప్పక తెలియవలసిన చోట్లలో సోమశిల ఒకటి. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ మండలంలోని ఈ ఊరు శ్రీశైలం జలాశయం వెనుక జలాల అంచున కృష్ణ ఒడ్డున ఉంది. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. వానాకాలం చివర నీళ్లు నిండినప్పుడు లలితా సోమేశ్వరాలయానికి, పడవ షికారుకు జనం కార్లలో వస్తారు. హైదరాబాదువాళ్లు జడ్చర్ల, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా చేరతారు. గద్వాలవాళ్లు ఎర్రవల్లి చౌరస్తా దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి పెబ్బేరు నుంచి కొల్లాపూర్ వైపు తిరుగుతారు. 2016 కృష్ణా పుష్కరాల్లో ఈ ప్రాంతపు ముఖ్యమైన స్నానఘట్టాల్లో ఇదొకటి.

నది అవతలి ఒడ్డు నంద్యాల జిల్లాలోని సిద్ధేశ్వరం. రెండు ఒడ్ల మధ్య ఇన్నాళ్లూ పడవే ఆధారం. 2007 జనవరిలో ఇక్కడి కృష్ణలో పడవ మునిగి అరవై మందికి పైగా చనిపోయాక వంతెన కోసం అడగడం మరింత బలపడింది. చివరికి 2022 అక్టోబరులో కేంద్రం 167కె జాతీయ రహదారిపై ఇక్కడ తీగల వంతెనకు రూ. 1,082.56 కోట్లతో ఆమోదం తెలిపింది. అది పూర్తయితే హైదరాబాదు నుంచి తిరుపతికి దూరం దాదాపు 80 కిలోమీటర్లు తగ్గుతుందని అంచనా. ఇప్పటిదాకా ఒడ్డు దాకా వచ్చి వెనుదిరిగే బండ్లు తిరిగే ఈ దారి, రేపు వేగంగా దూసుకుపోయే బండ్ల దారి కాబోతోంది. ఎయిర్‌బ్యాగ్ పని చేస్తోందో లేదో తెలుసుకోవడం ఈ ప్రాంతపు వాహనదారులకు ఇక నుంచి మరింత అవసరం.

ఈ ప్రాంతానికి తనదైన పరిస్థితులు కొన్ని ఉన్నాయి. పాలమూరు ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారు లోపల వేడి బయటికన్నా ఎంతో ఎక్కువ. నదిలో మునిగి తడి బట్టలతో సీట్లలో కూర్చునేవాళ్ల నుంచి నీళ్లు కిందికి కారతాయి. మామిడి కాలంలో కొల్లాపూర్ తోటల నుంచి పెట్టెలు కొనుక్కుని సీట్ల కిందికి, కాళ్ల దగ్గరికి తోస్తారు. పొలాల పక్కన, గడ్డివాముల దగ్గర నిలిపిన బండ్లలో ఎలుకలు వైర్లు కొరుకుతాయి. వీటిలో ప్రతిదీ ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగడానికి నిజమైన కారణమే.

లైటు వెనుక ఏముంది

వ్యవస్థకు మెదడు ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్. చాలా కార్లలో ఇది రెండు ముందు సీట్ల నడుమ, గేరు కన్సోల్ కింద, నేలకు బిగించి ఉంటుంది. బండి వేగం ఎంత హఠాత్తుగా పడిపోయిందో కొలిచే సెన్సర్ దానిలోనే ఉంటుంది. రేడియేటర్ చట్రం దగ్గర, తలుపుల పక్క స్తంభాల్లో మరికొన్ని సెన్సర్లు ఉండవచ్చు. స్టీరింగ్ మధ్యలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, ఎదుటి డ్యాష్‌బోర్డులో పక్కవాళ్ల ఎయిర్‌బ్యాగ్ ఉంటాయి. ఖరీదైన రకాల్లో సీటు పక్కల్లో, పైకప్పు అంచులో కూడా అమరుస్తారు. సీటుబెల్టును గుద్దుకున్న క్షణంలో బిగించే ప్రీటెన్షనర్ కూడా ఇదే యూనిట్ ఆజ్ఞతో పని చేస్తుంది. ఈ చివరి సంగతి చాలామందికి తెలియదు. లైటు వెలిగిన బండిలో సంచి ఒక్కటే కాదు, బెల్టు బిగుసుకోవడం కూడా అనుమానమే.

ఒక్కో ఎయిర్‌బ్యాగ్ లోపల ఇగ్నైటర్ అనే చిన్న పేలుడు మందు ముక్క ఉంటుంది. సాధారణ రకానికి సుమారు 1.2 ఆంపియర్ కరెంటు రెండు మిల్లీసెకన్లు అందితే అది అంటుకుంటుంది. దాని వేడికి లోపలి రసాయనం మండి వాయువు పుట్టి సంచి నిండుతుంది. గుద్దుకున్న క్షణం నుంచి సంచి పూర్తిగా నిండడానికి సుమారు 50 మిల్లీసెకన్లు. కనురెప్ప వాల్చి ఎత్తేలోగా అంతా అయిపోతుంది.

ఇంత తక్కువ వ్యవధిలో పని చేయవలసినది ఏళ్ల తరబడి కదలకుండా కూర్చుంటుంది కాబట్టి, కంట్రోల్ యూనిట్ దాన్ని నిరంతరం పరీక్షిస్తూ ఉంటుంది. ఇగ్నైటర్ అంటుకోనంత తక్కువ కరెంటును పంపి ప్రతి సర్క్యూట్ రెసిస్టెన్స్‌ను కొలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న సర్క్యూట్ విలువ దాదాపు 2 ఓమ్‌లు. ఎక్కడో వైర్లను కలిపే కప్లర్ వదులై పిన్ను మీద తుప్పు పడితే అది రెండు మూడు ఓమ్‌లు పెరుగుతుంది.  ఆ కాస్త తేడాకే లైటు వెలుగుతుంది. ఎయిర్‌బ్యాగ్ లోపాల్లో ఎక్కువ భాగం ఇలాంటి కొద్దిపాటి తేడాలే. అందుకే పెద్ద భాగాన్ని మార్చకముందు చిన్న కప్లర్‌ను చూడాలన్నది ఈ పనిలో మొదటి పాఠం.

బ్యాటరీ తెగిపోయేంత గట్టిగా గుద్దుకున్నా సంచి తెరుచుకోవాలి కనుక, యూనిట్‌లోని కెపాసిటర్లు కొంత విద్యుత్తును దాచుకుంటాయి. మెకానిక్‌కు ప్రమాదం కూడా అక్కడే ఉంది. బ్యాటరీ వైరు తీసిన వెంటనే ఎయిర్‌బ్యాగ్ ముట్టుకోకూడదు. కంపెనీ పుస్తకం ఎంతసేపు ఆగమంటే అంతసేపు ఆగాలి. అది ఒక నిమిషం కావచ్చు, మూడు కావచ్చు, కొన్ని బండ్లలో ఇంకా ఎక్కువ.

లైటు ఎలా వెలుగుతోంది

స్కానర్ పెట్టకముందే లైటు తీరు చాలా చెబుతుంది. ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు వెలిగి కొన్ని సెకన్లకు ఆరితే స్వీయ పరీక్షలో వ్యవస్థ బాగున్నట్టే. ఆరకుండా ఉంటే లోపం ప్రస్తుతం ఉంది. ఆరి, గుంతలో పడగానే, మలుపు తిరగగానే, సీటు జరపగానే వెలిగితే ఎక్కడో వైరు గానీ కప్లర్ గానీ వదులుగా ఉంది. అలాంటప్పుడు ఎప్పుడు వెలిగిందో డ్రైవర్ గుర్తుపెట్టుకుని చెప్పడం మెకానిక్‌కు స్కానర్ కన్నా ఎక్కువ ఉపకారం.

అన్నిటికన్నా అనుమానించవలసింది అసలే వెలగని లైటును. బల్బు పోయి ఉండవచ్చు, లేదా ఎవరో కావాలని తీసేసి ఉండవచ్చు.

ముందు సీటులో పిల్లల సీటు పెట్టుకునేందుకు కొన్ని కార్లలో పక్కవాళ్ల ఎయిర్‌బ్యాగ్‌ను తాళంతో ఆపే ఏర్పాటు ఉంటుంది. అది ఆఫ్‌లో ఉన్నప్పుడు వెలిగే వేరే గుర్తును చూసి లోపమనుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు. ముందు స్విచ్ చూసుకోవాలి.

కోడ్ చదవడం

లోపం ఎక్కడుందో యూనిట్ తన జ్ఞాపకంలో కోడ్‌గా రాసుకుంటుంది. స్కానర్ ఆ కోడ్‌ను చదువుతుంది. ఇంజిన్ కోడ్‌లు పి అక్షరంతో, ఎయిర్‌బ్యాగ్ వంటి బాడీ వ్యవస్థలవి బి అక్షరంతో, యూనిట్ల మధ్య మాట తెగినప్పుడు వచ్చేవి యు అక్షరంతో మొదలవుతాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. భారత్‌లో 2013 ఏప్రిల్ నుంచి కార్లలో తప్పనిసరైన ఓబీడీ-2 (బండి తన లోపాలను తానే కనిపెట్టే) ఏర్పాటు కాలుష్య నియంత్రణ కోసం వచ్చినది. అది ఇంజిన్ సమాచారానికే హామీ ఇస్తుంది. సెల్‌ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే చౌక పరికరం చాలా బండ్లలో ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌ను పలకరించనే లేదు. 'కోడ్ ఏమీ లేదు' అని అది చూపిస్తే లోపం లేదని కాదు, ఆ గదిలోకి అది వెళ్లలేదని అర్థం. ఎస్‌ఆర్‌ఎస్ చదవగల స్కానర్ ఉందా అని ముందే అడిగి బండి తీసుకుపోవడం మంచిది.

కోడ్ రెండు రకాలు. ఇప్పుడూ ఉన్న లోపం ఒకటి, గతంలో వచ్చి పోయి జ్ఞాపకంలో మిగిలినది ఇంకొకటి. రెండింటినీ రాసుకోకుండా చెరిపేసే అలవాటు మన షెడ్లలో బాగా ఉంది. చెరిపేస్తే లైటు ఆరుతుంది, కస్టమర్ సంతోషిస్తాడు. అప్పుడప్పుడూ తెగే వైరు ఏదో తెలిపే ఒకే ఒక్క ఆధారం మాత్రం పోతుంది. కోడ్‌ను ఫొటో తీసి పెట్టుకోవాలి, తర్వాతే చెరపాలి.

కోడ్ భాగం పేరు చెప్పదు, సర్క్యూట్ పేరు చెబుతుంది. 'డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ రెసిస్టెన్స్ ఎక్కువ' అని వచ్చిందంటే డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ చెడిందని కాదు. యూనిట్ నుంచి ఆ సంచి దాకా ఉన్న వైరు, కప్లర్లు, స్టీరింగ్ కింది క్లాక్ స్ప్రింగ్, ఇగ్నైటర్ వీటిలో ఏదో ఒకటి. కోడ్ చూసి నేరుగా వేల రూపాయల ఎయిర్‌బ్యాగ్ ఆర్డర్ చేయించే మెకానిక్ ఇంకా లోపం వెతకలేదు.

ఎక్కువగా చెడే చోట్లు

ముందు చెప్పవలసింది క్లాక్ స్ప్రింగ్. స్టీరింగ్ రెండు వైపులా తిరుగుతున్నా హారన్‌కూ ఎయిర్‌బ్యాగ్‌కూ కరెంటు తెగకుండా అందాలి. దానికోసం స్టీరింగ్ కింద గుండ్రని డబ్బాలో పలుచని రిబ్బను వైరు చుట్టి ఉంటుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా అది ముడుచుకుని విచ్చుకుంటుంది. ఏళ్ల వాడకంలో తెగుతుంది. స్టీరింగ్ మరమ్మతు చేసేటప్పుడు చక్రాలు సూటిగా పెట్టి స్ప్రింగ్‌ను సరిగ్గా మధ్యలో ఉంచకుండా బిగిస్తే, తొలి పూర్తి మలుపులోనే తెగుతుంది. దీన్ని గుర్తుపట్టడం తేలిక. ఎయిర్‌బ్యాగ్ లైటుతో పాటు హారన్ మూగబోయినా, స్టీరింగ్ మీది పాటల బటన్లు పని చేయకపోయినా, స్టీరింగ్ తిప్పే కోణాన్ని బట్టి లైటు మారుతున్నా క్లాక్ స్ప్రింగ్‌నే ముందు అనుమానించాలి.

తర్వాతి స్థానం సీట్ల కింది కప్లర్లది. సైడ్ ఎయిర్‌బ్యాగ్, బకిల్ స్విచ్, ప్రీటెన్షనర్, సీట్లో మనిషి ఉన్నాడో లేదో చెప్పే సెన్సర్ ఇవన్నీ సీటు కింది నుంచే కలుస్తాయి. సీటు జరిపినప్పుడల్లా వైరు సాగుతుంది. కింద తోసిన సామాను కప్లర్‌ను తన్నుతుంది. వాటర్ వాష్ చేసేవాళ్లు లోపలికి నీళ్లు కొడితే పిన్నులు తుప్పుపడతాయి. ఎయిర్‌బ్యాగ్ కప్లర్లు చాలా బండ్లలో పసుపు రంగులో ఉంటాయి. ఊడదీసినప్పుడు లోపలి లోహపు పట్టీ రెండు పిన్నులను కలిపేసి, పొరపాటున కూడా కరెంటు ఇగ్నైటర్‌కు చేరకుండా చేస్తుంది. కప్లర్ పూర్తిగా లోపలికి దిగి తాళం పడకపోతే ఆ పట్టీ తొలగదు. అప్పుడు యూనిట్‌కు 'షార్ట్' కనిపించి లైటు వెలుగుతుంది. టక్కున శబ్దం వచ్చేదాకా నొక్కడంతో తీరిపోయే లోపాలు ఇలాంటివే.

సీటు కవర్లు కూడా ఇందులో చేరతాయి. సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీటుకు సంచి బయటపడే చోట కుట్టు విడిపోయేలా చేసిన కవర్ వేయాలి. మామూలు కవర్ వేస్తే లైటు వెలగదు, సంచి మాత్రం కవర్ లోపలే చిక్కుకోవచ్చు. కవర్ వేయడానికి సీటు విప్పి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా కప్లర్ తీస్తే వెంటనే కోడ్ పడుతుంది. తిరిగి పెట్టినా కొన్ని బండ్లలో స్కానర్‌తో చెరిపేదాకా లైటు ఆరదు.

బ్యాటరీ బలహీనపడితే, సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజీ బాగా పడిపోయి తక్కువ వోల్టేజీ కోడ్ నమోదు కావచ్చు. జంప్ స్టార్ట్ చేసిన బండ్లలో ఇది మామూలు. బ్యాటరీ, బాడీ ఎర్త్ సరిచూసి కోడ్ చెరిపాక మళ్లీ రాకపోతే అక్కడితో పని అయిపోయింది.

నీటిలో మునిగిన బండ్ల కథ వేరు. కంట్రోల్ యూనిట్ నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి కార్పెట్ తడిసేంత నీళ్లు చాలు. 2020 అక్టోబరులో హైదరాబాదు వరదల్లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు ఎన్నో కార్లు నీళ్లపాలయ్యాయి. అలాంటి కారు ఇంజిన్ ఆరబెడితే మళ్లీ నడుస్తుంది. యూనిట్ కప్లర్‌లో తుప్పు మాత్రం నెలల తర్వాత బయటపడుతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ముందు సీటు పట్టాల కింద, కన్సోల్ అంచుల్లో తుప్పు, బురద గీతలు చూడడం మరిచిపోకూడదు.

చిన్నగా గుద్దుకున్న బండిలో సంచి తెరుచుకోకపోయినా ముందు సెన్సర్ పగిలి ఉండవచ్చు, దాని వైరు బంపర్ మధ్య నలిగి ఉండవచ్చు. ప్రీటెన్షనర్ ఒక్కటే పేలి ఉంటే బెల్టు బిగుసుకుపోయి సరిగ్గా లోపలికి చుట్టుకోదు. అలా ఒకసారి పేలిన భాగాన్ని మార్చాలి, బాగు చేయడం కుదరదు. సంచులు తెరుచుకున్న ప్రమాదం తర్వాత చాలా యూనిట్లు ఆ సమాచారాన్ని శాశ్వతంగా దాచుకుని, కోడ్ చెరపడానికి ఒప్పుకోవు. కంపెనీలు అలాంటప్పుడు యూనిట్‌ను మార్చమంటాయి.

బండి ముందు ఇనుప గార్డు బిగించినా సెన్సర్ చదివే తాకిడి మారిపోతుంది. ఇలాంటి క్రాష్ గార్డులు చట్టవిరుద్ధమని, వాటిపై చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు రాసింది. వాటిని ఇంకా బిగిస్తున్నారు, అది విచారకరం.

పరీక్ష క్రమం

మంచి మెకానిక్ అడిగే తొలి ప్రశ్న 'లైటు వెలగడానికి ముందు బండికి ఏ పని జరిగింది?' అని. మ్యూజిక్ సిస్టమ్ బిగించారా, సీటు కవర్లు వేశారా, డెంటింగ్ చేశారా, బ్యాటరీ మార్చారా. సగం లోపాలు ఆ జవాబులోనే దొరుకుతాయి. తర్వాత బ్యాటరీ వోల్టేజీ, ఫ్యూజు, కోడ్‌లు. ఆ తర్వాత కోడ్ చూపిన సర్క్యూట్‌లో కంటికి కనిపించేవన్నీ, అంటే కొరికిన వైరు, నలిగిన గొట్టం, తుప్పు, తాళం పడని కప్లర్.

అసలు పరీక్ష భాగాన్ని వేరు చేయడంతో మొదలవుతుంది. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, బ్యాటరీ నెగటివ్ తీసి, చెప్పినంతసేపు ఆగి, అనుమానించిన ఎయిర్‌బ్యాగ్ కప్లర్ ఊడదీసి, దాని స్థానంలో దాదాపు 2 ఓమ్‌ల పరీక్షా రెసిస్టర్‌ను కలపాలి. మళ్లీ బ్యాటరీ పెట్టి, మనుషులెవరూ లోపల లేకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి కోడ్ చూడాలి. లోపం పోతే వైరింగ్ బాగుంది, తప్పు ఎయిర్‌బ్యాగ్‌లో గానీ దాని కప్లర్‌లో గానీ ఉంది. పోకపోతే అదే రెసిస్టర్‌ను యూనిట్ వైపు ఒక మెట్టు దగ్గరికి, అంటే క్లాక్ స్ప్రింగ్ కిందికి జరిపి మళ్లీ చూడాలి. ఏ రెండు చోట్ల మధ్య జవాబు మారిందో అక్కడే లోపం. మిగతా అన్నీ సరిగా ఉండి, అన్ని చోట్లా రెసిస్టర్ పెట్టినా కోడ్ కదలనప్పుడే యూనిట్‌ను అనుమానించాలి. ఖరీదైన యూనిట్ వంతు చివరిది.

ఎయిర్‌బ్యాగ్‌కు మల్టీమీటర్ పెట్టి ఓమ్‌లు కొలవకూడదు. మీటరు పంపే కరెంటు తక్కువే అయినా, ఏ మీటరు ఏ స్థితిలో ఎంత పంపుతుందో నమ్మకం లేదు కాబట్టి కంపెనీలన్నీ దీన్ని నిషేధిస్తాయి. టెస్ట్ ల్యాంపు సంగతి చెప్పనే అక్కర్లేదు, అది ప్రాణం మీదికి తెస్తుంది. విప్పిన ఎయిర్‌బ్యాగ్‌ను కవరు పైకి ఉండేలా బల్ల మీద పెట్టాలి, బోర్లా పెట్టకూడదు. అలా పెట్టినది పేలితే సంచి కిందికి విచ్చుకుని మొత్తం భాగాన్ని పైకి ఎగరగొడుతుంది. మోసుకుపోయేటప్పుడు కవరు మన వైపు కాకుండా బయటికి ఉండాలి. వెల్డింగ్ చేసేచోట, ఎండలో పెట్టకూడదు. వైరు తెగితే మామూలుగా మెలితిప్పి టేపు చుట్టి వదిలేయడం కుదరదు. రెండు ఓమ్‌ల సర్క్యూట్‌లో అలాంటి జాయింటు మరుసటి వానకే మళ్లీ లోపంగా మారుతుంది. కంపెనీ ఒప్పుకున్న రీతిలో జాయింటు వేయాలి, లేదా ఆ వైరు కట్టనే మార్చాలి.

ఇది ఇంటి దగ్గర చేసుకునే పని కాదు. సొంతదారు తనంతట తాను చేయదగినవి బ్యాటరీ చూసుకోవడం, సీటు కింది సామాను తీయడం, బకిల్‌లో ఇరుక్కున్న నాణెం, పల్లీ పొట్టు వంటివి గమనించడం, లైటు తీరు రాసిపెట్టుకోవడం. కప్లర్లను కదిలించే పని మెకానిక్‌కే వదిలేయాలి.

లైటు ఆర్పే అడ్డదారులు

లైటు ఆర్పడం, లోపం తీర్చడం వేరువేరు పనులు. పేలిపోయిన ఎయిర్‌బ్యాగ్ బదులు రెసిస్టర్ అంటించి, పైన కొత్త కవరు బిగించిన కార్లు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లోకి వస్తాయి. యూనిట్ రెసిస్టర్‌ను చూసి అంతా బాగుందనుకుంటుంది. పరీక్షకు వాడవలసిన పరికరాన్ని శాశ్వతంగా అతికించి ఒక కుటుంబాన్ని ఆ కారులో కూర్చోబెట్టడం హత్యాప్రయత్నం కన్నా చిన్నదేమీ కాదు. మరికొందరు ఎయిర్‌బ్యాగ్ లైటును ఆయిల్ లైటుకో బ్యాటరీ లైటుకో కలుపుతారు. దాన్ని పట్టుకోవడం తేలిక. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి చూడాలి. ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లకు తనంతట తానే ఆరాలి. ఇంజిన్ స్టార్ట్ అయ్యేదాకా ఆగి, ఆ లైట్లతో కలిసి ఆరితే ఆ కారు కొనకూడదు.

బెల్టు పెట్టుకోకుండా బీప్ ఆపే క్లిప్పులు ఇంకో అడ్డదారి. బకిల్‌లో క్లిప్పు గుచ్చితే బెల్టు పెట్టుకున్నట్టు యూనిట్‌కు తప్పుడు సమాచారం వెళుతుంది. కొన్ని బండ్లలో సంచి ఎప్పుడు తెరుచుకోవాలో ఆ సమాచారాన్ని బట్టి కూడా నిర్ణయమవుతుంది. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ క్లిప్పులు అమ్ముతున్న ఐదు ఆన్‌లైన్ సంస్థలపై చర్య తీసుకోగా, 13,118 ప్రకటనలను తొలగించారు. ఎయిర్‌బ్యాగ్ బెల్టుకు తోడు మాత్రమే. బెల్టు లేని మనిషి బండితో పాటు ముందుకు దూకి, తెరుచుకుంటున్న సంచికి ఎదురుపడతాడు, లేదా బయటికి విసిరేయబడతాడు. 2018 ఆగస్టు 29న నల్లగొండ జిల్లా అన్నెపర్తి దగ్గర నటుడు, మాజీ ఎంపీ నందమూరి హరికృష్ణ మరణించిన ప్రమాదంలో ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. తెలుగువాళ్లు ఆ వార్తను మరిచిపోలేదు, బెల్టు మాత్రం ఇంకా మరిచిపోతున్నారు.

లైటు చెప్పలేనివి

స్వీయ పరీక్ష విద్యుత్ సర్క్యూట్‌ను మాత్రమే చూస్తుంది. లోపలి రసాయనం పాడైతే దానికి తెలియదు. జపాన్‌కు చెందిన తకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్లలో వాడిన అమ్మోనియం నైట్రేట్, ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలి చెడి, సంచి తెరుచుకున్నప్పుడు లోహపు గిన్నెనే పగలగొట్టింది. ముక్కలు తగిలి మనుషులు చనిపోయారు. అమెరికాలోనే దాదాపు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లను వెనక్కి పిలిచారు. కంపెనీ 2017లో దివాలా తీసింది. భారత్‌లోనూ హోండా వంటి సంస్థలు పాత మోడళ్లను పిలిచి ఇన్‌ఫ్లేటర్లను ఉచితంగా మార్చాయి. ఆ కార్లలో లైటు మామూలుగానే వెలిగి ఆరింది.

యూనిట్‌లోనే పుట్టుకతో లోపం ఉన్న సందర్భాలూ మన దగ్గర జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీలో తయారైన క్యారెన్స్ కార్లలో 44,174 బండ్లను ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ సాఫ్ట్‌వేర్ పరీక్షకోసం 2022 అక్టోబరులో వెనక్కి పిలిచారు. అవసరమైన బండ్లకు సాఫ్ట్‌వేర్ ఉచితంగా మార్చారు. 2023 జనవరిలో మారుతి సుజుకి ఆల్టో కె10, ఎస్‌ప్రెసో, ఈకో, బ్రెజా, బలెనో, గ్రాండ్ విటారా మోడళ్లలో 17,362 బండ్లను ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ పరీక్షకు పిలిచింది. అవి 2022 డిసెంబరు 8, 2023 జనవరి 12 మధ్య తయారైనవి. లైటు వెలిగిన బండికి స్కానర్ పెట్టేముందు ఛాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైటులోనో డీలరు దగ్గరో ఇలాంటి పిలుపు ఉందేమో చూడడం డబ్బు, సమయం రెండూ మిగిల్చే పని. ఊళ్లో రెండో, మూడో చేతికి మారిన బండ్లకు కంపెనీ ఉత్తరాలు పాత సొంతదారు చిరునామాకే పోతాయి కాబట్టి ఇది ఇంకా అవసరం.

ఎప్పటి నుంచి

గాలి దిండుతో మనిషిని కాపాడవచ్చన్న ఆలోచనకు అమెరికాలో జాన్ హెట్రిక్ 1953లో పేటెంటు పొందారు. గుద్దుకున్నట్టు నమ్మకంగా గుర్తించే సెన్సర్ లేక అది చాలాకాలం ఆగింది. 1970ల్లో జనరల్ మోటార్స్ కొన్ని కార్లలో అమర్చింది. 1981 నాటికి మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో ఎయిర్‌బ్యాగ్, బెల్టు టెన్షనర్ కలిసి వచ్చాయి. భారత్‌లో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై 1 నుంచి తప్పనిసరి అయింది. పక్కవాళ్ల ఎయిర్‌బ్యాగ్‌ను కొత్త మోడళ్లకు 2021 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముతున్న వాటికి ఆ ఏడాది చివరికి తప్పనిసరి చేశారు. ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేయాలన్న 2022 ప్రతిపాదన చట్టం కాలేదు. ఈ నిబంధనలకు ముందు తయారై మన జిల్లాల్లో తిరిగే పాత కార్లలో ఎన్నింటికో అసలు ఎయిర్‌బ్యాగే ఉండదు. ఉన్నవాళ్లు దాన్ని పని చేసే స్థితిలో ఉంచుకోవాలి.

లైటు వెలిగిన బండితో ప్రయాణం

సోమశిల ఘాట్ దగ్గర తాళం తిప్పితే లైటు ఆరలేదనుకుందాం. బండి నడపవచ్చు, దారిలో నిలిచిపోదు. కొన్ని బండ్లలో లోపమున్న సర్క్యూట్ ఒక్కటే ఆగిపోతుంది, మరికొన్నింటిలో ఎయిర్‌బ్యాగులన్నీ ఆగిపోతాయి. డ్రైవర్‌కు తేడా తెలిసే మార్గం లేదు కాబట్టి ఏదీ పని చేయదనుకునే నడపాలి. అందరూ, వెనుక సీటువాళ్లతో సహా, బెల్టు పెట్టుకోవాలి. పిల్లలను ముందు సీట్లో కూర్చోబెట్టకూడదు. వేగం తగ్గించి, జాతీయ రహదారి మీద రాత్రి ప్రయాణం మానుకోవాలి. ఎస్‌ఆర్‌ఎస్ స్కానర్ ఉన్న పెద్ద సర్వీస్ సెంటర్లు మహబూబ్‌నగర్, హైదరాబాదు వంటి చోట్ల దొరుకుతాయి. ముందుగా ఫోన్ చేసి మీ మోడల్ ఎయిర్‌బ్యాగ్ కోడ్ చదవగలరా అని అడిగి బయల్దేరండి. చదివిన కోడ్‌ను, మార్చిన భాగం పేరును బిల్లు మీద రాయించుకోండి. మరమ్మతు అయ్యాక ఇగ్నిషన్ మీరే ఆన్ చేసి, లైటు వెలిగి తనంతట తాను ఆరేదాకా చూసిన తర్వాతే డబ్బు చెల్లించండి.